అవ్వ ఒలకబోసిన పిల్లిపెసర

మా చిన్నప్పుడు... జువ్వలదిన్నె పక్కన మా పల్లెలో, సముద్రానికి ఇవతలంతా ఇసకదిబ్బలే. వానలు వెలిసినాక దిబ్బల నిండా పిల్లిపెసర అల్లుకునేది. ఎవురూ విత్తింది కాదు, నీళ్ళు పోసింది కాదు. దానంతట అదే మొలిచి, పసుపుపచ్చ పూలు పూసి, సన్నసన్న కాయలు కాసి, ఎండలకి ఎండిపోయేది.

ఆ కాయలు మంచు ఆరకముందే కోయాల. ఎండెక్కితే టప్పున పగిలి గింజలు ఎగిరిపోతాయి. అందుకే అవ్వ చీకటితోనే లేపేది... "లేయ్ మే, ఎండొస్తే మనకేం మిగలదు!"

నాయన సముద్రంలో చేపల వేటకు పోలేని రోజుల్లో ఆ గింజల గుగ్గిళ్ళే మాకు అన్నం. ఉప్పు, ఎండుమిరపకాయ... అబ్బ, ఏం రుచి!

ఒక ఏడాది ఎవురో బయటోళ్ళు వచ్చి, దిబ్బలు చదును చేసి రొయ్యల గుంటలు తవ్వినారు. ఊరోళ్ళని అడిగిన పాపాన పోలా. గట్టు వార రవ్వంత పిల్లిపెసర మిగిలింది. అవ్వ ఊరుకుంటుందా? నన్ను వెంటబెట్టుకుని పోయి ఒడినిండా కోసింది. కాపలావాడు కర్రెత్తుకుని పరిగెత్తుకొచ్చినాడు.

"నీ అబ్బ సొమ్మా? కోసిందంతా ఆడే పారబొయ్!"

"మీ ఓనరు విత్తినాడా నాయనా?" అనింది అవ్వ. వాడు వింటేగా! ఇంట్లో గింజ లేదు... నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అవ్వ వాడి మొకంలోకి చూసింది. "సరే, పోస్తాలే" అని గట్టు పొడుగునా నడస్తా, గుప్పిళ్ళతో చల్లుకుంటా పోయింది. గెలిచినాననుకుని వాడు బీడీ ముట్టించుకున్నాడు.

"ఏడవబాక మే. మధ్యాన్నం ఎండకి పగలనీ..." అనింది నా చెవిలో.

ఆ పూట గంజినీళ్ళు తాగి పడుకున్నాం.

మళ్ళీ వానలకి చూస్తే... గట్టంతా పిల్లిపెసరే! పీకించినారు, మందు కొట్టించినారు. ఊహూఁ... మళ్ళీ మొలిచింది. అవ్వ మళ్ళీ కోసింది.

ఇప్పుడు అవ్వ లేదు. గుంటలు పూడ్చి ప్లాట్లేసినారు, చుట్టూ పెద్ద గోడ. మొన్న మా పాపని తీసుకుని పోతే, గోడ బయట ఇసకలో నాలుగు తీగలు కనిపించినాయి. ప్రాణం లేచొచ్చింది! కాయలు కోసి చున్నీలో వేసుకుంటున్నా. గేటు దగ్గర అబ్బాయి వచ్చి, "మేడమ్, ఇక్కడేం కోయకూడదు" అన్నాడు.

"సరే బాబూ, కోసినవి కూడా మీకే ఇచ్చేస్తా" అని... అన్నీ గోడ మీదుగా లోపలికి విసిరేసినా.

మీ ఊళ్ళో ఎవురూ విత్తకుండా మీ కడుపు నింపిన మొక్క ఏది? పేరు మరిచిపోకముందే కింద రాయండబ్బా... నేను మాత్రం వానల కోసం చూస్తా ఉంటా.