మోకాలు లేచేదాకా

కౌలాలంపూర్‌కు దూరంగా ఒక పల్లెలో, కొయ్య స్తంభాల మీద నిలిచిన మెక్ సెనా ఇంటి కింద, తూర్పు వైపు ఎప్పుడూ ఒక చాప పరిచి ఉంటుంది. అవ్వను మెక్ అనీ, పెద్దాయనను పోక్ అనీ పిలిచే ఊరది. ఆ చాప పోక్ దెరమన్‌ది. ఆయన రెబాబ్ వాయించేవాడు. మూడు తీగల ఆ వాద్యాన్ని నేల మీద నిలబెట్టి కమాను లాగితే, వానకు ముందు గాలి మూలిగినట్టుండేది.

సెనా పన్నెండో ఏట మక్ యోంగ్ అనే పాటల నాటక బృందంలో చేరింది. ఆ ఆట ఎక్కడ ఆడినా మొదలు ఒకటే. ఆడవాళ్ళంతా రెబాబ్‌కు ఎదురుగా కూర్చుని మొక్కుతారు. తరవాత పాట వెంట, నీళ్ళలోంచి తామరకాడ లేచినట్టు, మెల్లగా లేస్తారు. మొదటి రోజు అందరూ లేచారు. సెనా కాళ్ళు తిమ్మిరెక్కాయి. తిట్లు పడతాయని కళ్ళు మూసుకుంది.

తిట్లు పడలేదు. పాట కూడా ముందుకు పోలేదు. ఇరవై రెండేళ్ళ దెరమన్ ఒకే స్వరాన్ని సాగదీస్తూ ఆమె మోకాలి వంకే చూస్తున్నాడు. అది లేచాకే పాట కదిలింది.

ఆ తరవాత ముప్పై ఏళ్ళు లారీ వెనకే గడిచాయి. తెరలు, కిరీటాల పెట్టె, అన్నం మూటలు, మూత సరిగా పడని బుడు సీసా. బట్టలన్నిటికీ ఆ చేపల పులుసు వాసనే. కోత కోసిన మళ్ళలో పందిరి వేస్తే సెనా రాజు వేషం కట్టేది. ఆ నడక చూసి ఆడవాళ్ళు, "మా ఇంట్లోనూ ఉన్నాడు ఒకడు, బాతులా నడుస్తాడు," అని పక్కనున్న మొగుళ్ళను దెప్పేవాళ్ళు.

పిమ్మట కౌలాలంపూర్‌లో పెద్ద వేదిక, పదకొండేళ్ళ ఉద్యోగం. అక్కడ పాట గడియారాన్ని చూసి నడిచేది. మోకాళ్ళు అరిగాక ఊరికి తిరిగొచ్చి, శుక్రవారం పొద్దుటి పూట ఎనిమిది మంది ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. దెరమన్ వచ్చి వాయించేవాడు.

పోయిన వానల్లో ఆయన జ్వరపడితే, సెనా చాప మీద ఫోన్ పెట్టి అందులో పాట మోగించింది. జ్వరం తగ్గి ఆయన వచ్చేసరికి పిల్లలు కళ్ళు మూసుకుని ఫోన్‌కు మొక్కుతున్నారు.

"సెనా, నా చాప మీద కూర్చున్నాయన ఎవరు? పేరు చెప్తే నేనూ ఓ దణ్ణం పెట్టుకుని పోతా."

పిల్లలు కిలకిలా నవ్వారు. ఆయన వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలు మళ్ళీ రాలేదు. సెనా గుడ్లూ కొబ్బరిపాలూ కలిపిన తీపి ఆకోక్ చేసి పంపితే గిన్నె ఖాళీ అయి వచ్చింది గాని మనిషి రాలేదు.

పిల్లలు బాగానే నేర్చుకున్నారు. ఎనిమిది మందీ ఒక్క మనిషిలా లేస్తారు. సెనాకు గుబులు పుట్టించింది అదే. వీళ్ళ కోసం పాట ఒక్కసారైనా ఆగలేదు. అలా ఆగడం తాను నేర్పగలిగేది కాదు. నేర్పగల దెరమన్ చేతికి ఇంకెన్ని వానలు మిగిలాయో తెలియదు. చివరికి తనే ఆయన ఇంటికి వెళ్ళింది.

"ఏం, ఫోన్ అరిగిపోయిందా?" అన్నాడు దెరమన్, కోళ్ళ వంక చూస్తూ.

"అరిగింది నేను. అది నిక్షేపంలా ఉంది."

"చేయి వణుకుతోంది సెనా. స్వరం వంకర పోతోంది."

"నా మోకాలు తిన్నగా ఉందా పోక్? మీ వంకరా నా వంకరా ఒకచోట కూర్చుంటే ఏం పోయింది?"

"పిల్లలు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నవ్వాక మొక్కుతారు."

ఆయన కోళ్ళకు ఇంకో గుప్పెడు గింజలు చల్లాడు.

శుక్రవారం లుంగీ గుడ్డలో చుట్టిన రెబాబ్‌తో వచ్చాడు. చాప మీది ఫోన్‌ను బొద్దింకను తీసినట్టు రెండు వేళ్ళతో తీసి, చిన్నపిల్ల దానియా చేతిలో పెట్టాడు. కమాను కదిలింది. స్వరం వణికింది. పిల్లలు మొక్కి, అలవాటైన చోట సగం లేచారు. పాట ఇంకా అక్కడికి రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు సెనా వచ్చి వాళ్ళ ముందు, రాజు వేషం కూర్చునే చోట కూర్చుంది. మొక్కింది. లేవబోయింది. ఎడమ మోకాలు పట్టేసింది. కమాను ఒకే స్వరం మీద నిలిచింది. ఆ స్వరం సాగింది, వణికింది, తెగలేదు.

"అవ్వా, పాట ఆగిపోయింది," దానియా గుసగుసలాడింది. "సిగ్నల్ లేదేమో."

దెరమన్ కమాను ఆపలేదు.

"సిగ్నల్ ఉందే పిల్లా. మీ అవ్వ మోకాలే ఇంకా రాలేదు."

సగం లేచిన పిల్లలు మళ్ళీ కూర్చున్నారు, ఆ మోకాలి వంకే చూస్తూ.