పడటం తెలిసిన మనిషి

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెద్దవాళ్లకి పరమేశ్వరి ఇప్పటికీ గుర్తే. మాటల్లేని సినిమాల కాలంలో ఆమె కలకత్తాలో పదకొండు చిత్రాల్లో నటించింది, తొమ్మిదింటిలో చచ్చిపోయింది. మేడమెట్ల మీంచి దొర్లేది, కొరడా దెబ్బలకి కుప్పకూలేది. భుజం ముందు ఆనించి తల కాపాడుకోవడం ఆమెకి తెలిసిన విద్య. సినిమాలకి మాటలొచ్చాక, బెంగాలీ సరిగా పలకని మనిషిని ఎవరూ పిలవలేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కోటిలింగాన్ని పెళ్లాడింది. కనుబొమలు సన్నగా దిద్దుకునేది. కుంపటి రాజేస్తున్నప్పుడు కూడా మొహం వెలుతురు వైపే తిప్పి కూర్చునేది.

కోటిలింగం కొట్టేవాడు. ఆమె అలవాటు కొద్దీ గుమ్మంలోకి అందంగా ఒరిగి పడేది. పక్కింటి చిట్టెమ్మ నవ్వేది.

"ఏటి పరమేశ్వరక్కా, ఇయ్యాల ఏ సినిమా?"

"నిజంగానే కొట్టినాడే."

"నీ పడడం సూస్తే అలగనేదు."

ఒక ఆదివారం పొద్దున అతను ఇనుప పానా ఎత్తాడు. పక్కకి ఒరిగి పడిపోవడం ఆమెకి చిటికెలో పని. పడలేదు. మొదటి దెబ్బకి నుదురు చిట్లింది, రెండోదానికి చెంప చీలింది. రక్తం కళ్లలోకి కారుతుండగా, గోడైనా పట్టుకోకుండా నడిచి వెళ్లి చిట్టెమ్మ ఎదట నిలబడింది.

"పడితే నువ్వు నమ్మవు గదే. అందుకే పడనేదు."

చిట్టెమ్మ ఆమెను లోపలికి లాగి, పచ్చడిబండ అందుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనకే వచ్చిన కోటిలింగం మెట్టు మీద కాలు పెట్టాడు.

"రా బావా," అంది చిట్టెమ్మ. "నాకు యాక్టింగు రాదు."