కథ చెప్పింది, నేను చెప్పింది

నా చిన్నప్పుడు కథ చదవడానికి వేలెడంత పెన్సిల్ ముక్క చాలింది. ఇప్పుడు మా మనవరాలికి ఐదు రంగుల మార్కర్లు కావాలి. నల్లగండ్లలో ఆ పిల్ల చదివే బడిలో కథను ‘అనొటేట్’ చేయడం నేర్పుతారట. పాత్రలకు పసుపు, వర్ణనలకు గులాబీ, కొత్త మాటలకు ఆకుపచ్చ. మొన్న చేసి తెచ్చిన కాగితం చూస్తే హోలీ ఆడి వచ్చినట్టుంది. ఇంతకీ ఆ కథలో ముసలాయన ఇల్లు ఎందుకు వదిలిపోయాడే అని అడిగాను. కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, అది గులాబీలో ఉంది నానమ్మా అంది. మా కొడుకూ కోడలూ మాత్రం ఆ రంగుల పేజీని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపి మురిసిపోయారు. ఇద్దరూ హైటెక్ సిటీలో పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్లే. చదవకుండానే చదివినట్టు కనిపించే విద్య వాళ్లకూ బాగానే వచ్చు.

ఆ పిల్లను వెక్కిరించే అర్హత నాకుందా అంటే, పూర్తిగా లేదు. తొమ్మిదేళ్లప్పుడు నేను అంతకన్నా ఘనురాలిని. అప్పటి లింగంపల్లి అంటే రైలు స్టేషను, నాలుగు వీధులు, ఒక సర్కారు బడి. బడిలో మధ్యాహ్నం పాలపొడి కలిపి పిల్లలకు గ్లాసెడు పాలు ఇచ్చేవారు. ఆ పాలు పోసేది ఆయమ్మ. బడి ఊడ్చేది, నీళ్లు మోసేది, గంట కొట్టేది కూడా ఆమే. ఆమె పిల్లలిద్దరూ మాతోపాటే చదివేవారు. ఒక శుక్రవారం పాలపొడి డబ్బా ఒకటి కనిపించలేదు. పెద్దసారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఎవరైనా చూశారా అని అడిగాడు. నేను క్లాసులో ఫస్టు. ఎవరికీ తెలియనిది నాకు తెలిసి ఉండాలనే జబ్బు నాకు అప్పటికే ముదిరింది. ముందురోజు సాయంత్రం ఆయమ్మ కొంగు కింద ఏదో పట్టుకుని గేటు దాటడం చూశానని చెప్పాను.

“డబ్బానే కదా?” అన్నాడు సారు.

అవునన్నాను. ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. అంత చదువు చదివిన మనిషికి ఆ చదువు బెత్తం పట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చినట్టు లేదు. సోమవారం పొద్దున ఊరి పెద్దల ముందు ఆమెను పనిలోంచి తీసేస్తానని బడంతా వినపడేలా చెప్పి, నాకు చప్పట్లు కొట్టించాడు. ఇంటికి వెళ్లాక నేను ఆ సంగతిని ఇంకాస్త పెంచి చెప్పాను. కొంగు సందులోంచి డబ్బా మూత తళతళమందని కూడా అన్నట్టు గుర్తు.

మా పక్క వాటాలో కిరాయికి ఉండే అక్క గోడ అవతలినుంచి ఇదంతా విన్నది. ఆమెది గోదావరి వైపు. రైల్వేలో పనిచేసే భర్తతో ఇక్కడికి వచ్చింది. ఆమె దగ్గర పాత వారపత్రికల కట్ట ఉండేది కనుక ఆదివారం వచ్చిందంటే నేను ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. ఊరంతా మెచ్చుకునే నన్ను ఆ ఒక్క మనిషి మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు.

ఆ ఆదివారం ఆమె నాకు ఒక కథ చదవమని ఇచ్చింది. చుట్టపుచూపుగా వచ్చిన ఒక బీద బంధువు తెల్లవారకుండానే వెళ్లిపోతాడు. తర్వాత చూస్తే ఇంట్లో వెండి గ్లాసు ఉండదు. చివరి పేజీ మాత్రం చిరిగిపోయి ఉంది. నేను గబగబా చదివేసి, చుట్టమే దొంగ అని తేల్చేశాను. ఆమె పెన్సిల్ ముక్క ఇచ్చి, ఆ సంగతి కథలో ఎక్కడుందో అక్కడ గీత గీయమంది. గీసుకుంటూ పోయాను. సంచి బరువుగా ఉంది, ఒక గీత. చెప్పకుండా వెళ్లాడు, ఒక గీత. తలెత్తి చూడలేదు, ఇంకో గీత.

ఆమె చూసి నవ్వింది. ఆ నవ్వులో ఆప్యాయత ఏమీ లేదు. ప్రతి గీతకూ ఎడమ అంచున కథ చెప్పింది రాయి, కుడి అంచున నువ్వు చెప్పింది రాయి అంది. ఎడమవైపు, సంచి బరువు. కుడివైపు, లోపల గ్లాసు.

“ఆ సంచిలో అంతకుముందే ఎవరైనా ఏమైనా పెట్టారేమో చూశావా, అమ్మాయ్?” అంది.

వెనక్కి వెళ్లి వెతికాను. రెండో పేజీలో ఆ ఇల్లాలే ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి ఆ సంచిలో పెట్టింది. ఆ వాక్యం మీదుగా నా కళ్లు వెళ్లాయి గానీ నేను వెళ్లలేదు. చెప్పకుండా వెళ్లాడా అంటే, పొద్దున్నే తనను లేపొద్దని ఇంటాయనే చెప్పి పడుకున్నాడు. అతను తలెత్తి చూడకపోవడానికి మాత్రం కథలో కారణం దొరకలేదు. లేకపోతే ఏం రాయాలి అని అడిగాను. లేదని రాయి అంది. చివరికి కుడి అంచంతా నా మాటలతో నిండిపోయింది. ఎడమవైపు దొంగ అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

మరి గ్లాసు ఎవరు తీశారు, చివరి పేజీ ఇవ్వమని గొడవ చేశాను. “దాంతో పొయ్యి అంటించేశానమ్మా. అయినా నీకు చివరి పేజీ ఎందుకు, నువ్వే రాసేసుకుంటావుగా” అని ఆమె బియ్యం ఏరుకోవడంలో పడిపోయింది. ఆయమ్మ ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏడ్చి తప్పించుకునేదాన్ని. కాసేపటికి నేనే ఆ పేజీ అడుగున మిగిలిన చోట, ఎడమవైపు ‘కొంగు ఎత్తుగా ఉంది’ అని రాశాను. కుడివైపు ‘డబ్బా’ అని రాసి పెన్సిల్ కింద పెట్టేశాను.

సోమవారం బడి వరండాలో ఊరి పెద్దలు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయమ్మ మెట్ల కింద నిలబడి ఉంది. నేను వెళ్లి, కొంగు చూశాను గానీ డబ్బా చూడలేదని చెప్పాను. పెద్దసారు ముఖం మాడిపోయింది. మరి ఆ రోజు ఎందుకు చెప్పావని గద్దించాడు.

“డబ్బా అన్నది మీరు సార్. నేను అవునన్న” అన్నాను.

చేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి. అవి ముందు చెప్పిన అబద్ధానికో, ఇప్పుడు చెప్పిన నిజానికో ఆయనకే తెలియాలి. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చూసినవాళ్లు లేరు కనుక ఆమెను పనిలో ఉండనివ్వమని చెప్పి లేచిపోయారు. పోయిన డబ్బా కోసం మళ్లీ ఎవరూ వెతకలేదు. కొంగు కింద ఏముందో ఆమెను అడగాలన్న ఆలోచన ఆ మగమహారాజుల్లో ఒక్కరికీ రాలేదు. సిగ్గుపడి నేనూ అడగలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్ద ఘనకార్యం చేసినట్టు నేను ఆయమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. దగ్గరికి తీసుకుంటుందని ఆశపడ్డాను కూడా. ఆమె చీపురు చేతిలోకి తీసుకుని మెల్లగా అంది.

“శుక్రారం నాడు జూసిన అంటివి. ఇయ్యాల జూడలే అంటున్నవ్. నడుమ నా పిల్లలు మూడు దినాలు దొంగదాని పిల్లలై తిరిగిండ్రు. గా మూడు దినాలు ఎవలు మల్ల తెచ్చిస్తరు బిడ్డా?”

మధ్యాహ్నం అందరికీ పోసినట్టే నాకూ గ్లాసు నిండా పాలు పోసింది. నా ముఖం మాత్రం చూడలేదు. ఆ బడి వదిలేదాకా చూడలేదు.

ఈమధ్య మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో లిఫ్టు కెమెరా వీడియో పెట్టారు. హౌస్‌కీపింగ్ అమ్మాయి చేతిలో ఒక సంచి ఉంది. పోయిన పార్సిల్ అందులోనే ఉందని క్షణాల్లో తేల్చేశారు. అందరూ ఆఫీసుల్లో కంప్యూటరు ముందు ఒక్క చుక్క తప్పిపోతే రోజంతా వెతికే మేధావులే. సంచి లోపల ఏముందో మీలో ఎవరు చూశారని రాశాను. ఒకాయన బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఒకామె, మీకు ఇవన్నీ తెలియవు ఆంటీ అంది. మళ్లీ అదే ప్రశ్న పెట్టాను. ఎవరైనా జవాబిచ్చేదాకా రోజూ పొద్దున పెడుతూనే ఉంటాను. వాళ్ల మీద నాకు కోపం రాదు, చులకన భావమే. అందులో సగం ఆ తొమ్మిదేళ్ల క్లాస్ ఫస్టు మీదే.

ఎవరి గురించైనా ‘నేను చూశాను’ అనే మాట నోటిదాకా వస్తే, ఆయమ్మ పిల్లలిద్దరూ తల దించుకుని తిరిగిన మూడు రోజులు కళ్లముందుకొస్తాయి. చాలాసార్లు ఆ మాట మింగేస్తాను.