తోటక్క చేలో ఆగిన బళ్లు

తోటక్క పోయిందని మొన్న ముంచింగిపుట్టు సంతకి బళ్లు తోలుకెళ్తుండగా ఫోనొచ్చింది. ఆయాసంతో మంచం పట్టి పది రోజులైందట. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నాకు ముందు ఏడుపు రాలేదు. ఇంక మన బళ్లు ఎక్కడ ఆపుకుంటాం అన్న భయమే వచ్చింది. ఆ తర్వాత ఆమె ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతికి మూడే వేళ్లు. మిగతా రెండూ మా మూలంగా పోయాయి.

మేం కమ్మరి పనివాళ్లం. ఊరూరా తిరిగి కత్తులు, కొడవళ్లు చేస్తాం, అరిగినవాటికి సాన పెడతాం. మాకు ఇల్లంటే బండే. బండి ఆపిన ప్రతిచోటా నా ప్రాణం గుప్పెట్లో ఉంటుంది. ఒకచోట రాళ్లేశారు. ఒకచోట కుక్కల్ని ఉసిగొల్పారు. ఇంకోచోట కోడి పోయిందని మా గుంపు పెద్దాయన్ని కరెంటు స్తంభానికి కట్టి, నా కళ్లముందే మొహం వాచేలా కొట్టారు. సాయంత్రానికి కోడి దొరికింది. కట్లు మాత్రం మేమే విప్పుకున్నాం.

అలా దెబ్బలు తిని అరకు కొండలెక్కిన ఏడు, కాఫీ తోట పక్కన బీడు చేలో బళ్లు ఆపుకోమన్నది ఆమె. కొండ మనిషి, భర్త లేడు, పిల్లల్లేరు. ఆదివారం చర్చికి పోయేది, వారమంతా తోటలోనే ఉండేది. అందుకే తోటక్క అన్నాం. సాన పెట్టిన కత్తి ఇస్తే ముంజేతి మీద వెంట్రుకలు గీకి చూసుకుని గాని తీసుకునేది కాదు. నేను ఊరివాళ్ల అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడుతుంటే, అంబలి గిన్నె చేతికిచ్చి, "నీ బయానికి కూడా ఇంకో గిన్నె ఎయ్యాలేటే సెల్లీ?" అని నవ్వేది. ఆ తర్వాత ఏటా కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఆమె చేలోనే ఆగాం.

మూడేళ్ల కిందట తిరిగేవాళ్లకి బళ్లు ఆపుకునే జాగా చూపిస్తారని గవర్నమెంటు కాయితం వచ్చింది. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, తోటక్క చెబితేనే అర్థమైంది. ఏజెన్సీలో కొండవాళ్లు కాని పైవాళ్లకి భూమి రాయకూడదు. చేను ఆమెదే. మేం ఏటా వచ్చి ఆగి పోవచ్చు, ఒక కుళాయి వేస్తారు, ఎవరూ తరమకూడదు. ఏళ్ల తరబడి అక్కడ ఆగుతున్నట్టు ఆనవాలు ఉండాలి, అంతే.

అక్కడే మేం తప్పు చేశాం. మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. బండి కదిలేముందు కొలిమి గొయ్యి పూడ్చి, బూడిద ఎత్తి, పేడనీళ్లు చల్లి, అడుగుల గుర్తు కూడా లేకుండా వెనక్కి నడుస్తూ ఊడ్చి పోవాలి. పరాయి నేల మీద గొయ్యి వదిలితే మళ్లీ ఎవరు రానిస్తారు? సర్వేయరు వస్తున్నాడంటే, పెద్దమనిషి కదా అని, తెల్లారగానే బళ్లు రోడ్డు మీదికి లాగి చేనంతా అలాగే ఊడ్చేశాం. ఆయన వచ్చి శుభ్రంగా ఉన్న నేల చూసి, ఇక్కడ ఎవరూ ఆగిన ఆనవాలు లేదని రాసుకుని వెళ్లిపోయాడు. తోటక్క నెత్తి కొట్టుకుంది. "పెళ్లికి అలికినట్టు అలికేసినారు గదే" అంది.

ఆనవాలు లేదని రాసిన సంగతి ఊరికి తెలీదు. ఆయన గొలుసు పట్టి కొలవడం మాత్రమే చూశారు. భూమి పైవాళ్లకి పోతోందని పుకారు పుట్టింది. వాళ్ల భయం కూడా ఉత్తది కాదు. అలా పోయిన పొలాలు ఆ కొండల్లో ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, మేం బళ్లు తిరిగి చేలోకి తెచ్చుకుంటుంటే ముప్పై మంది దాకా వచ్చారు. ముందు తోటక్క మరిది.

ఒక్క మాట అడగలేదు. మొదటి బండి తిరగేశారు. కొలిమి తిత్తిని పొట్ట చీల్చినట్టు చీల్చారు. గడ్డికి నిప్పు పెట్టారు. కాడి కిందున్న ఎద్దు మెడ మీద గొడ్డలి దిగింది. అది మోకాళ్ల మీద కూలి, నాలిక బయటపెట్టి నన్నే చూసింది. మా పెద్దాయన్ని కింద పడేసి తొక్కుతుంటే ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మరిది కత్తి ఎత్తాడు. తోటక్క ఎక్కణ్నుంచి వచ్చిందో, మధ్యలో చెయ్యి పెట్టేసింది.

రెండు వేళ్లు నేను ఊడ్చిన నేల మీద పడ్డాయి. అప్పుడు ఆగారు అందరూ.

"వదినా" అన్నాడు అతను.

"నరికినావు గదా. ఇంక ఇంటికి పో" అంది ఆమె.

ఆ కత్తికి అంతకుముందు సంతలో సాన పెట్టింది మా పెద్దాయనే. ఆసుపత్రిలో విరిగిన పక్కటెముకలతో పడుకుని ఆ మాట చెప్పి ఏడ్చాడు. తోటక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "పని బాగా సేసినావు బావా, గాయం నున్నగా తెగింది. బేగి మానుతాది" అంది. పోలీసులు అడిగితే మరిది పేరు దాచలేదు. అతను జైలు నుంచి వచ్చిన రోజు అన్నం పెట్టింది కూడా ఆమే.

అంతకుముందే, చెయ్యి ఇంకా మానకుండానే, పచ్చి కట్టుతో మా జాగా సంగతి చూసే ఆఫీసుకి వచ్చింది. ఆనవాలు ఏదని అధికారి మళ్లీ అడిగితే బల్ల మీద ఆ చెయ్యి పెట్టింది. "ఈళ్లు మా ఊరికి సాన పెట్టిన కత్తే దీన్ని కోసింది. ఇంకేటి గావాల బాబూ?" అంది. ఆయన చాలాసేపు తల దించుకుని ఏదో రాశాడు. కాయితం పైకి వెళ్లిందన్నారు. ఇంకా కిందికి రాలేదు. ఈలోగా ఆమె వెళ్లిపోయింది. చేను ఇప్పుడు మరిదిది.

చేలో తవ్విన సమాధి దగ్గరికి మమ్మల్ని రానిస్తారో లేదోనని బళ్లు చేను ముందు రోడ్డు మీదే ఆపాం. ఎడ్లని విప్పలేదు. తరిమితే పారిపోవడానికి వీలుగా ఉంటుందని నేనే వద్దన్నాను. పూడ్చడం అయ్యాక మరిది పార భుజాన వేసుకుని మా బండి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాల్లుంతారు?" అన్నాడు.

"మీరెన్నాళ్లంటే అన్నాళ్లు బాబూ" అన్నాడు మా పెద్దాయన.

అతను పారకి అంటుకున్న తడిమట్టిని కాలితో గీకేసి వెళ్లిపోయాడు. ఆ ఎర్రమట్టి మా బండి చక్రం ముందే ముద్దగా పడింది. ఆమెని కప్పిన మట్టి. పెద్దాయన పగ్గాలు పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. దాని మీంచి బండి ఎలా తోలమంటారు.