కంబళి నీళ్ళు

పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో పాపన్న మాటంటే మాటే. పొట్టేలు పళ్ళు చూసి వయసు చెప్పాడంటే సంతలో ఇంకెవరూ నోరెత్తరు. ఒక్క సంగతిలో మాత్రం అతన్ని నమ్మిన మనిషి లేడు. అది నీళ్ళ సంగతి.

పాపన్న చిన్నప్పుడు, ఓ కరువు ఏడాది, తల్లితో కలిసి గొర్రెల మందను ధర్మవరం దిక్కుకు తోలుకుపోయాడు. దారిలో కుంటలన్నీ బీటలే. ఒక చలి పొద్దున పిల్లాడి నాలుక పిడచకట్టుకుపోతే, కంప మీద పరిచిన తన పాత కంబళిని తల్లి తీసింది. మెలిపెట్టి వాడి నోట్లో పిండింది. చల్లటి నీళ్ళు, గొర్రె వాసన వేసే నీళ్ళు చుక్కచుక్కగా పడ్డాయి. ఎక్కడివని అడిగితే, గాలి ఇచ్చిందంది.

ఆ తల్లి తొందరగానే పోయింది. ఫోటో లేదు. ఆమె మొహం పాపన్నకు గుర్తున్నది ఆ ఒక్క పొద్దునే, కంబళి పిండుతూ తన మీదికి వంగినప్పుడు. మంద వెనక నడిచి నడిచి, కట్టె మీద గడ్డం ఆనించి నిలబడే కునుకు తీయడం అతనికి అలవాటు. ఆ కునుకులో కొండ మీది గాలంతా నీళ్ళయ్యేది. గొర్రెలు అందులో తేలేవి. తల్లి మొహం మెల్లగా దగ్గరికి వచ్చేది. ఇంతలో ఏ మేకపిల్లో అరిచి అంతా చెడగొట్టేది.

పెళ్ళయిన కొత్తలో ఈ కథ చెబితే భార్య దాసమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పాపన్నకు పౌరుషం వచ్చింది. ఆ చలికాలం తన కంబళిని కంప మీద పరిచి తెల్లవారి చూస్తే, మంచు ముత్యాల్లా పైపైనే నిలిచి, ముట్టుకోగానే నేలకు జారిపోయింది. పిండితే చుక్క రాలేదు. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాతా అంతే. మందలు కాసే వాళ్ళందరికీ అతను గాలినీళ్ళ పాపన్న అయ్యాడు. నవ్వితే నవ్వారు, దానికేం. వయసు మీద పడేకొద్దీ అతనికే అనుమానం పట్టుకుంది. ఆ నీళ్ళు కల అయితే, అమ్మ మొహం కూడా కలే కదా? ఈ ఆలోచన వచ్చిన రోజు పాపన్నకు ముద్ద దిగేది కాదు.

దాసమ్మ నవ్వుకేం గానీ, ఆమె పనితనానికి వంక పెట్టలేం. ఏటా చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నూరి, గంజి కాచి, కంబళికి రెండు పక్కలా పట్టించి ఎండబెట్టేది. కంబళి తలుపు చెక్కలా బిర్రుగా తేలేది. ఎంత జడివానైనా దాని మీద జారిపోవాల్సిందే. దాసమ్మ గంజి పెట్టిన కంబళి అంటే గోరంట్ల దాకా పేరు.

హిందూపురంలో డిగ్రీ చదువుతున్న మనవరాలు వెన్నెల, మొన్న అక్టోబరులో సెలవుకు వచ్చి, ఫోనులో వార్త చదివి పరుగున తాత దగ్గరికి వచ్చింది. ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారట. ఎడారి గాలిలోంచి కూడా నీళ్ళు తీయగల వింత పదార్థాలకు దారి వేసిన వాళ్ళట. ఆ పదార్థం లోపలంతా కంటికి కనబడని ఖాళీ గదులే. రాత్రి గాలిలోని తేమ వచ్చి ఆ గదుల్లో చేరుతుంది, పొద్దున వెచ్చబడగానే బయటికొస్తుంది. ఆ ముగ్గురిలో ఒకాయన చిన్నప్పుడు పశువులతో కలిసి ఒకే గదిలో పెరిగాడట. వాళ్ళ ఊరికి నీళ్ళు ఎప్పుడో గానీ వచ్చేవి కావట.

పాపన్న కళ్ళు మెరిశాయి. “వాళ్ళమ్మ కూడా యాడన్నా కంబళి పిండిందేమో అడుగు పాపా” అన్నాడు.

వెన్నెల నవ్వింది. దాసమ్మ నవ్వలేదు. చేటలో రాగులు చెరుగుతున్నదల్లా చేయి ఆపి, “ఆ గదులకు వాకిళ్ళు మూసేస్తే?” అని అడిగింది.

“అప్పుడు తేమ లోపలికి యాట్ల పోతాదవ్వా?”

దాసమ్మ మళ్ళీ రాగులు చెరగసాగింది.

మర్నాడు పాపన్న మందతో తిరిగొచ్చేసరికి కంబళి దండెం మీద వేలాడుతోంది, పాత చీరలా మెత్తగా. దాసమ్మ దాన్ని బోరు తొట్టిలో నానబెట్టి, తొక్కి తొక్కి, గంజంతా కడిగేసింది. వానల్లో ఇట్లా చేస్తారా అని పాపన్న ఎగిరాడు. కార్తీక వానలకు ఆ కంబళి నిండా తడిసి, పాపన్న తుమ్మి తుమ్మి సగమయ్యాడు. అయినా దాసమ్మ చింతగింజల జోలికి పోలేదు.

చలి ముదిరింది. ఒక తెల్లవారుజామున కొండ కనబడనంత మంచు. పాపన్నకు మెలకువ వచ్చేసరికి మీద కంబళి లేదు, దుప్పటి ఉంది. బయటికి వస్తే, దొడ్డి కంప మీది నుంచి కంబళిని రెండు చేతులా ఎత్తుతోంది దాసమ్మ. అది బరువుగా కిందికి వేలాడుతోంది.

“కూచో. నోరు తెరువు” అంది.

ముసలాడు పిల్లాడిలా కూర్చుని నోరు తెరిచాడు. ఆమె మీదికి వంగి మెలిపెట్టింది. ఒక చుక్క, ఇంకో చుక్క, తర్వాత సన్నటి ధార. పాపన్న కళ్ళు మూసుకున్నాడు. అమ్మ మొహం వచ్చింది. ఏ మేకపిల్లా అరవలేదు. అతను ఏడుస్తున్నాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా.

దాసమ్మ మిగిలిన కొసను తన నోట్లో పిండుకుని, కాసేపు నాలుక మీదే ఉంచుకుని మింగింది.

“అవునయ్యా” అంది మెల్లగా. “గొర్రె వాసన ఉండాది.”