గోరంత కండ ముక్క

1984లో కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రి లాబ్‌లో నేను ఆయాగా పనిచేసేదాన్ని. నా భర్త పోయిన ఏడాదికి ఆ పని దొరికింది. సంతకం తప్ప నాకు రాత రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. ఆ లాబ్‌లో ఒక పాథాలజిస్ట్ ఉండేది. అంటే ఒంట్లోంచి తీసిన కండనూ రక్తాన్నీ చూసి జబ్బేమిటో తేల్చే డాక్టరు. నాడి పట్టదు, మందు రాయదు. అందుకే ఆమె డాక్టరని జనం అనుకునేవారు కాదు. మొదట్లో నేనూ అనుకోలేదు.

ఒకరోజు పెద్దపల్లి వైపు నుంచి లక్ష్మి అనే పాలిచ్చే తల్లి అత్తతో వచ్చింది. రొమ్ములో గడ్డ. కాన్సరైతే రొమ్ము తీసేయాలన్నాడు సర్జన్. ముందు బయాప్సీ చేశాడు, అంటే పరీక్షకు చిన్న ముక్క కోశాడు. దాన్ని కుళ్లనివ్వని ఫార్మలిన్ మందు సీసాలో వేసి నా చేతికిచ్చారు. సీసా బల్ల మీద పెట్టి, చీటీ తెచ్చేసరికి అందులో ముక్క లేదు!

బయటికి ఉరికాను. లక్ష్మి అత్త గేటు దాటుతోంది. కొంగు ముడి తడిగా ఉంది.

"ఏందక్కా గది? ఇటియ్యి."

"ఇయ్య. మా కోడలు కండ ఎవలకన్న దొరికితె బాణామతి, చేతబడి చేస్తరు. మట్టిల బొందవెట్టి వస్త."

నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

"మా ఆయన మెడ గడ్డ ఈ ఊళ్లెనే కోసినప్పుడు నేను గిట్లనే అడిగి తెచ్చి పెరట్ల బొందవెట్టిన. ఆరు నెలలకు ఆయన్ని బొందవెట్టిన."

ఆమె బొట్టులేని నా నుదురు చూసింది. ముడి విప్పింది. ముక్కను మళ్లీ సీసాలో వేశాను.

కొన్ని రోజులకు డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచింది. కన్ను పెడితే గులాబీ, ఊదా రంగులు. బతుకమ్మకు రంగులద్దిన గునుగుపూలు పేర్చినట్టే ఉంది.

"కాన్సర్ కాదు, టీబీ. గోలీలతోటే తగ్గుతది. రొమ్ము కోసే పని లేదు," అంది.

"గోరంత ముక్కల గదంత ఎట్ల కనవడ్డదమ్మా?"

"నువ్వు ఉరికి తెచ్చినవు గద."

ఆ ఏడాది చివర లక్ష్మి, అత్త వేములవాడ ప్రసాదం తెచ్చి సర్జన్‌కిచ్చారు. నేను వాళ్లను లాబ్‌కు తీసుకుపోయాను.

"గీమెనా? మా కోడల్ని ఒక్కపారన్న చూడలే గద!" అంది అత్త.

"ముఖం ఇయ్యాల్నే చూస్తున్న," అని నవ్వింది డాక్టరమ్మ.

అప్పటి నుంచి ఎవరికి ఆపరేషనైనా నేను అడిగేది ఒకటే: తీసిన ముక్క లాబ్‌కు పోయిందా? నా భర్త జబ్బు పేరు నాకిప్పటికీ తెలియదు. ముక్క చూసి తేల్చగలిగిన డాక్టరమ్మ అప్పుడూ అదే ఊళ్లో, అదే లాబ్ గదిలో కూర్చుని ఉంది.