గోపాలపట్నంలో కొన్న రెండో తెర

నా పని ఆసుపత్రి రిపోర్టులు చదవడం. ఎక్కడో పరాయి దేశంలో డాక్టర్లు రాసినవి చదివి, ఏ జబ్బుకు ఏ కోడ్ వెయ్యాలో చూసి, ఇన్సూరెన్సు ఫారంలో నింపాలి. వారానికి రెండు రోజులు రుషికొండ ఆఫీసుకు వెళ్తాను. మిగతా మూడు రోజులూ పెందుర్తిలో మా ఇంట్లోనే. ఆఫీసులో రెండు తెరలుంటాయి, ఒకదాంట్లో రిపోర్టు, రెండోదాంట్లో ఫారం. ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే. రిపోర్టు చూసి, గుర్తు పెట్టుకుని, ఫారం తెరిచి, సగంలో మర్చిపోయి మళ్ళీ రిపోర్టుకు వెళ్ళాలి. రోజంతా ఇదే.

పోయిన వానాకాలంలో ఒకాయనకు ఎడమ మోకాలికి జరిగిన ఆపరేషన్‌ను కుడికాలికి రాశాను. పైన తనిఖీ చేసేవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి నష్టమేమీ జరగలేదు. మా టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను.

"మేడమ్, ఆఫీసుకొచ్చిన రోజు మీకు తప్పులు రావు. ఇంటికాడున్న రోజే వత్తన్నాయి. ఏటి ఇబ్బంది?" అన్నాడు.

పదకొండేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అలా అడగలేదు. సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండో తెర కొనాలని అప్పుడే అనుకున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒకే బల్ల. దాని మీదే నా పని, ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకాలు, ముగ్గురి భోజనాలు. పెద్ద మానిటర్ పెట్టేస్తే కంచాలకు చోటుండదు. పని అయ్యాక తీసి బీరువాలో పెట్టుకునే పల్చటిది కావాలి. వారం రోజులు ఫోన్లో వెతికాను. ఒకరు అద్భుతం అని రాస్తారు, దాని కిందే ఇంకొకరు రెండో రోజుకే ఆరిపోయిందని రాస్తారు. అంగుళాలు, వెలుతురు, బరువు, వైర్లు చదివి చదివి ఏదీ తేలక ఫోన్ పక్కన పడేసేదాన్ని. మెడ నుంచి భుజం దాకా లాగేది.

మా ఆయన స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. మేనత్త కొడుకే కాబట్టి పెళ్ళికి ముందూ తర్వాతా బావ అనే పిలుస్తున్నాను. సెలవు రోజున టీ తాగుతూ, "ఎన్నాళ్ళు గోకుతావే ఆ ఫోను? పద, సూసొద్దాం" అన్నాడు.

గోపాలపట్నంలో మేడ మీదున్న కంప్యూటర్ల షాపుకు వెళ్ళాం. షాపాయన మూడు తెరలు తెచ్చి పరిచాడు. మొదటిది ఒకే వైరుతో పనిచేస్తుందన్నాడు. నేను తీసుకెళ్ళిన ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఏమీ రాలేదు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "మీ దాన్లో ఈ పోర్టు సార్జింగుకే మేడమ్. బొమ్మ రాదు. బొమ్మకో వైరు, కరెంటుకో వైరు ఎట్టుకోవాల" అన్నాడు.

వారం రోజులు లోకంలోని మానిటర్లన్నీ చదివాను గాని రోజూ ఒళ్ళో పెట్టుకునే ల్యాప్‌టాప్ సంగతి నాకు తెలియదు. స్టూలు మీద కూలబడ్డాను. ఏదో ఒకటి కొనేసి ఇంటికి పోతే చాలనిపించింది. రెండోది పెద్దది, రంగులు మెరిసిపోతున్నాయి. ఇదే ఇచ్చెయ్యండి అనబోతుంటే మా బావ, "ఆగు. పని సేసినట్టు కూకుని సూడు" అన్నాడు.

స్టూలు బల్ల దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.

"నీ మెడ ఎక్కడుందో సూసుకో."

గడ్డం గుండెకు ఆనుతోంది. వెనకాల మడత రేకు మీద నిలబడే తెర అది, బల్లకు జానెడు ఎత్తులోనే ఉంటుంది.

"ఇది కొన్నా నువ్వు కిందకే సూడాలి. పొద్దల్లా కిందకి సూత్తే ఏటవుద్దో నాకు తెల్సు."

"నీకేం తెలుసు?" అన్నాను విసుగ్గా.

"క్రేనెక్కితే ఎనిమిది గంటలు నాను సూసేది కాళ్ళ మజ్జలోంచి కిందకే. ఎడం సేతి ఏళ్ళు రెండు తిమ్మిరెక్కిపోతన్నాయి. నాలుగేళ్ళవుతాది."

నాలుగేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తింటూ నేను గమనించలేదు.

"నాకెందుకు సెప్పలేదు బావా?"

"నీ నొప్పి నువ్వు సెప్పేవేటి?"

షాపాయన వినపడనట్టు వైర్లు చుడుతూ ఉండిపోయాడు. తర్వాత మూడోదాన్ని ముందుకు జరిపాడు. పద్నాలుగు అంగుళాలది, తేలికైనది, రంగులు కాస్త వెలిసినట్టుంటాయి. కానీ వెనకాల మరలకు కన్నాలున్నాయి. స్టాండుకు బిగిస్తే కళ్ళ ఎత్తుకు వస్తుంది. నాకు రంగులతో పనేముంది, అక్షరాలు కనబడితే చాలు. మా బావ సన్న అక్షరాల పేజీ ఒకటి తెరిపించి, చేతి దూరంలో నన్ను నిలబెట్టి గట్టిగా చదవమన్నాడు. చిన్నపిల్లలా చదివాను. అదే తీసుకున్నాం.

మర్నాడు అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డ్యూటీ ఉందన్నా వినలేదు. మెడ ఎముకల మధ్య నరం నొక్కుకుంటోందని, కొన్నాళ్ళు క్రేన్ ఎక్కొద్దని డాక్టరు రాసిచ్చాడు. నాకూ అవే వ్యాయామాలు చెప్పాడు.

ఇంటి దగ్గర చేసే పనిలో తప్పులు తగ్గాయి. తప్పులు తగ్గాయని రిపోర్టులు ఎక్కువ పంపుతున్నారు, కాబట్టి సాయంత్రానికి నా ఒంట్లో మిగిలే సత్తువ మునుపటంతే. మా బావ నేల మీద పని ఇమ్మని అర్జీ పెట్టాడు. చూద్దామన్నారట. పొద్దున్నే ఇద్దరం గోడకు వీపు ఆనించి నిలబడి తలలు మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంటాం. ఎవరి నొప్పి ఎక్కడుందో ఇప్పుడు ఒకరికొకరం చెప్పుకుంటున్నాం.